తాలు

చుట్టుగుంట దాటాక గుంటూరు గాలికి రంగుంటుంది.
ఫిబ్రవరి నుంచి మే దాకా
మా కమీషన్ కొట్లో ఎవరూ మాట పూర్తిచెయ్యరు,
సగంలో తుమ్ముతారు.

ఆ తుమ్ముల మధ్య గాజు తలుపులు బిగించి
సత్యలింగం గారు కంప్యూటర్ పెట్టించారు.
దానికో దుప్పటి, దుప్పటి మీద పసుపూ కుంకుమా.
నాకు నెలకి తొమ్మిది వందలు.
చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి.
కారం మాత్రం అడక్కుండానే వచ్చేది.

ఏ సందులోంచి దూరేదో,
ఫ్లాపీ రేకు పక్కకి జరిపితే
నల్లటి బిళ్ళ మీద సన్నటి ఎర్ర గీత.
డ్రైవు దాన్ని గింజుకుని గింజుకుని చదివేది,
గొంతులో కారం పడ్డ మనిషి
నీళ్ళడగలేక చేసే చప్పుడు.
స్పిరిట్లో దూది ముంచి దాని తల తుడిచేదాన్ని.
కాస్త ఊరట. మళ్ళీ దగ్గు.

అబార్ట్, రీట్రై, ఫెయిల్?
రోజుకి ఎన్నిసార్లు అడిగేదో.
మా ఇంట్లో కూడా నన్నింత ఓపిగ్గా ఎవరూ అడగలేదు.

పాడైన ఫ్లాపీలు పారేస్తానంటే ఊరుకోరాయన.
"ఒక్కోటి ఇరవై రూపాయలమ్మాయ్, కడిగి వాడు" అనేవారు,
టిఫిన్ గిన్నె సంగతిలాగా.
శనివారం మధ్యాహ్నాలు అదే నా అంట్ల పని.
ఫార్మాట్ ఏ కోలన్ కొట్టి చెవి పెట్టి వినేదాన్ని.
టక్, టక్, టక్. మంచి చోటు.
గర్ర్ర్. అక్కడేదో ఉంది.
ఎనభై సాళ్ళూ దున్ని చివర్న లెక్క చెప్పేది:
ఇంత మొత్తం, ఇంత పాడు, ఇంత మీ వాడకానికి.

బయట పట్టా మీద మార్తమ్మా, మరో ఎనిమిదిమందీ
అదే పని చేస్తుండేవాళ్ళు,
ఎర్రకాయ ఇటు, తెల్లబడ్డ తాలు అటు.
తాలుకీ ఓ రేటుంది యార్డులో.
బ్యాడ్ సెక్టారుని ఎవరూ కొనరు.
దాని చుట్టూ గీత గీసి
ఇంకెప్పుడూ దాని మీద ఏమీ రాయకుండా వదిలేస్తుంది మిషను.
మా పెద్దత్త గుర్తొచ్చేది నాకు.

కొన్నిటికి మొదటి సాలే పోయేది.
ట్రాక్ జీరో బ్యాడ్.
మిగతా బిళ్ళంతా అద్దంలా ఉన్నా దండగే.
వాటిని టీ గ్లాసుల కింద పెట్టుకునేవాళ్ళం.

ఆ ఏడు మేలో నాగుల్ మీరా ఫ్లాపీ పోయింది.
అతనొక్కడిదే కాదు,
దాచేపల్లి వైపు రైతుల అడ్వాన్సులన్నీ అందులోనే.
ఎర్ర గుడ్డ అట్ట చిట్టా మానేసిందీ ఆ ఏడే.
రెండుసార్లు రీట్రై కొట్టాను.
మూడోసారి, ఒక్క క్షణం, తెర నిండా పేర్లు.
పురుగుమందుకి, మోటారు కాలినందుకు, ఆసుపత్రికి.
ఆకుపచ్చగా నిలబడి వెళ్ళిపోయాయి.
నాలుగోసారి కొడితే వచ్చేవేమో.
ఐదోసారైనా.
"వచ్చిందా అమ్మాయ్?" అన్నారు గాజు అవతల నుంచి.
ఉన్నదంతా పోతుంది, సరేనా, వై ఆర్ ఎన్?
నాకు తుమ్మొచ్చింది.
తుమ్ముతో పాటు వేలు ఎందుకు అక్కడే పడిందో
ఇవాళ్టికీ ఎవరికీ చెప్పలేదు.

మళ్ళీ జనవరి చివర్లో నలభై టిక్కీలు దించి
నాగుల్ మీరా గాజు తలుపు దగ్గర నిలబడ్డాడు,
చెప్పులు చేత్తో పట్టుకుని.
"నా లెక్క పదకొండు వేల నాలుగొందలమ్మా.
దాంట్లో మోటారుది రెండు వేల ఆరొందలు.
చూడు, తప్పైతే చెప్పు."

చూడ్డానికేముంది.
తెర వైపు తిరిగి
చూస్తున్నట్టు కాసేపు కూర్చున్నాను.
ఖాళీ ఫ్లాపీ లోపల ఒకసారి తిరిగి ఆగింది.
"సరిగ్గా ఉంది బాబాయ్" అన్నాను.

మిగతావాళ్ళలో కొందరొచ్చారు,
కొందరు పక్క కొట్టుకి మారారు.
సత్యలింగం గారు మళ్ళీ ఎర్ర చిట్టా మొదలెట్టారు,
దానికీ పసుపూ కుంకుమా.

ఆ ఫ్లాపీ నా దగ్గరే ఉంది.
లేబుల్ మీద నా రాతే, దాచేపల్లి, తొంభై ఆరు.
చదివే మిషను ఇప్పుడు ఎవరింట్లోనూ లేదు.
రేకు జరిపితే మాత్రం
వేలికి కాస్త మంట.